ఆర్‌సీఎం (రోమన్ కథోలిక మిషన్) స్కూలుకు మైనారిటీ ఫైలు, టీచర్లకు టెట్ లెక్క: ఎలా సిద్ధం చేసుకోవాలి

"మా టీచర్లు టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) రాయాలా?" "పేద పిల్లలకు పాతిక శాతం సీట్లు మేమూ ఇవ్వాలా?" "స్కూలు పెట్టి ఎనభై ఏళ్లయింది, మైనారిటీ సర్టిఫికెట్ మాత్రం లేదు. ఇప్పుడు అడిగితే ఇస్తారా?"

2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది మొదలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని కథోలిక స్కూళ్ల హెచ్‌ఎంలు, కరస్పాండెంట్లు ఎక్కువగా అడుగుతున్నవి ఈ మూడు ప్రశ్నలే. మూడింటి జవాబూ ఒకే ఫైలు మీద ఆధారపడి ఉంది. ఆ ఫైలు బీరువాలో ఉన్న స్కూలుకు డీఈఓ ఆఫీసు నుంచి నోటీసు వస్తే ఒక పూటలో జవాబు వెళ్తుంది. లేని స్కూలు నెలల తరబడి తిరుగుతుంది.

చట్టం గురించి తెలియాల్సినది కొంచెమే.

2014 మే 6న ప్రమతి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, విద్యాహక్కు చట్టం (పాతిక శాతం సీట్లు, టెట్ దీని కిందివే) మైనారిటీ స్కూళ్లకు వర్తించదని చెప్పింది. ఎయిడెడ్ అయినా, అన్‌ఎయిడెడ్ అయినా ఒకటే. 2012 నాటి తీర్పు ఎయిడెడ్ మైనారిటీ స్కూళ్లను చట్టం కిందే ఉంచింది కాబట్టి, ఇప్పటికీ కొన్ని ఆఫీసుల్లో ఆ పాత మాటే చెబుతుంటారు. మీరు చూపాల్సింది 2014 తీర్పు.

2025 సెప్టెంబర్ 1న అంజుమన్ ఇషాత్-ఏ-తాలీమ్ ట్రస్టు కేసులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం రెండు పనులు చేసింది. మైనారిటీ కాని స్కూళ్లలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించే టీచర్లందరికీ టెట్ తప్పనిసరి అంది. మైనారిటీ స్కూళ్ల విషయంలో ప్రమతి తీర్పు సరైనదేనా అనే ప్రశ్నను విస్తృత ధర్మాసనం ముందుకు పంపమంది. ప్రమతిని కొట్టేయలేదు, అనుమానించింది. ఈ తేడాను స్టాఫ్ మీటింగులో స్పష్టంగా చెప్పండి. "మనకు టెట్ వచ్చేసింది" అనే భయానికీ, "మనకు ఎప్పటికీ రాదు" అనే ధీమాకూ ఈ తీర్పులో ఆధారం లేదు.

మూడోది 2024 నవంబర్ 8 నాటి అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ తీర్పు. ఒక సంస్థ మైనారిటీదా కాదా తేల్చడానికి ఏయే సాక్ష్యాలు చూడాలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4:3 మెజారిటీతో చెప్పింది. మీ ఫైలును ఆ వరుసలోనే పేర్చాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ పత్రం, మెమోరాండం, బైలాస్ (మొదటివి, సవరించినవి రెండూ)
- ప్రస్తుత కార్యవర్గం జాబితా, ఎవరిది ఏ మతమో రాసిన గడితో సహా
- స్థలం దస్తావేజు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి దాని సర్టిఫైడ్ కాపీ
- స్కూలు మొదటి గుర్తింపు ఉత్తర్వు, తర్వాతి రెన్యువల్స్, అప్‌గ్రేడ్ ఉత్తర్వులు
- ఎయిడెడ్ అయితే ఎయిడ్ మంజూరు ఉత్తర్వు
- యూడైస్ ప్లస్ (స్కూళ్ల వివరాల జాతీయ ఆన్‌లైన్ రికార్డు) తాజా రిపోర్టు కార్డు ప్రింటు
- గత మూడేళ్ల అడ్మిషన్ రిజిస్టర్ సారాంశం
- టీచర్ల సర్వీస్ వివరాలు, ఎస్సెస్సీ సర్టిఫికెట్ల నకళ్లు

అన్నీ మూడు సెట్లు తీయండి. ఒకటి దరఖాస్తుకు, ఒకటి స్కూల్లో, ఒకటి మేత్రాసన కార్యాలయంలో (బిషప్ ఆఫీసులో) లేదా మఠసభ ప్రొవిన్షియల్ హౌస్‌లో. సిస్టర్లకు, ఫాదర్లకు బదిలీలు మామూలే. కొత్తగా వచ్చినవారికి పాత ఫైలు దొరకకపోవడం వల్లే చాలా స్కూళ్లు ఇబ్బంది పడుతున్నాయి.

1. మీ స్కూలు ఎవరిదో, ఏ రకమో కాగితం మీద తేల్చుకోండి

ఒక తెల్లకాగితం మీద నాలుగు వరుసలు రాయండి: విద్యా ఏజెన్సీ ఎవరు, ఎయిడెడా, అన్‌ఎయిడెడా, ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు, స్టేట్ సిలబసా, సీబీఎస్‌ఈనా.

మొదటి వరుస దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. స్కూలు గేటు మీద విచారణ (పారిష్) పేరు ఉంటుంది. గుర్తింపు ఉత్తర్వులో మేత్రాసన సొసైటీ పేరు ఉంటుంది. నడిపేది మాత్రం ఒక మఠసభ. దరఖాస్తు చేయాల్సింది గుర్తింపు ఉత్తర్వులో విద్యా ఏజెన్సీగా ఉన్న సంస్థ. విచారణ కర్తో (పారిష్ ఫాదరో), హెచ్‌ఎమ్మో సొంత హోదాలో చేస్తే చెల్లదు. వారికి అధికారం ఇస్తూ సొసైటీ తీర్మానం ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని ఎయిడెడ్ స్కూళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను సిబ్బందిని, ఆస్తులను అప్పగించే విషయంలో ఆప్షన్లు అడిగింది. అప్పుడు మీ యాజమాన్యం ఏం రాసిచ్చింది, తర్వాత వెనక్కి తీసుకుందా అన్న ఉత్తరాలు రెండూ ఫైల్లో ఉండాలి. సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుస్తున్న స్కూలు ఇంకా ఎయిడెడ్‌గానే రికార్డుల్లో కనిపిస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

ఒక సొసైటీ కింద పది స్కూళ్లుంటే పదింటికీ విడివిడిగా దరఖాస్తు చేయాలి. సొసైటీకి వచ్చిన సర్టిఫికెట్ స్కూలుకు చాలదు.

2. స్థాపన సాక్ష్యాలు పోగుచేయండి

ఫైలుకు ప్రాణం ఇదే. సర్టిఫికెట్ మీకు కొత్తగా హక్కు ఇవ్వదు. స్థాపించిన రోజునుంచే ఉన్న హోదాను గుర్తిస్తుంది అంతే. రాజ్యాంగం రాకముందు పెట్టిన స్కూళ్లకూ 30(1) అధికరణం (మైనారిటీలు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు) రక్షణ ఉంటుందని అలీగఢ్ తీర్పు చెప్పింది కాబట్టి, బ్రిటిష్ కాలం నాటి ఆర్‌సీఎం స్కూళ్లు వెనకడుగు వేయాల్సిన పనిలేదు. కానీ రుజువు మీ బాధ్యత. కోర్టు చూడమన్నవి ఇవి.

*స్కూలు పెట్టాలన్న ఆలోచన ఎవరిది?* ఆనాటి పీఠాధిపతి ఉత్తరం, మిషనరీ రిపోర్టు, విచారణ చరిత్ర పుస్తకంలోని పేజీ, మఠం క్రానికల్. విశాఖ వైపు పాత రికార్డులు కొన్ని ఫ్రెంచిలో, హైదరాబాదు వైపు కొన్ని ఇటాలియన్‌లో ఉంటాయి. మూలం ఫొటోకాపీ పెట్టి, పక్కన ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి సంతకం పెట్టండి. అనువాదం ఒక్కటే పెడితే విలువ ఉండదు.

*ఎవరి కోసం?* ప్రధానంగా క్రైస్తవ సమాజం కోసం అని ఎక్కడ రాసి ఉందో ఆ వాక్యం కింద గీత గీయండి. ఇతర మతాల పిల్లలు ఎక్కువమంది చదువుతున్నంత మాత్రాన హోదా పోదు.

*డబ్బు, భూమి ఎవరివి?* దస్తావేజులో కొనుగోలుదారుగా మేత్రాసనమో, సభో ఉంటే బలమైన సాక్ష్యం. ఊరి పెద్ద దానంగా ఇచ్చిన స్థలమైతే దానపత్రం పెట్టండి. దాత హిందువైనా ఇబ్బంది లేదు, ఎవరికి, ఎందుకు ఇచ్చారన్నది ముఖ్యం. ప్రభుత్వం తర్వాత ఇచ్చిన ఎయిడ్ వల్ల స్థాపకులు మారరు.

*నడిపేది ఎవరు?* మొదటినుంచి ఇప్పటివరకు కరస్పాండెంట్ల జాబితా, సంవత్సరాలతో. మధ్యలో ఖాళీలుంటే లాగ్‌బుక్‌లో, ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో ఉన్న సంతకాలు చూసి పూరించండి. ఊహించి రాయొద్దు.

దస్తావేజు దొరక్కపోతే? ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించండి. అక్కడా లేకపోతే పాత ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, ఎయిడ్ ఉత్తర్వులు, పన్ను రసీదులు, తేదీ కనిపించేలా తీసిన శంకుస్థాపన ఫలకం ఫొటో కలిపి పెట్టండి. ఒక్క కాగితం చెప్పలేనిది నాలుగు కలిసి చెబుతాయి.

3. సొసైటీ కాగితాల్లో పేర్లు, తేదీలు సరిచూడండి

పాత సొసైటీలు 1860 కేంద్ర చట్టం కింద, హైదరాబాద్ రాష్ట్రంలోవి 1350 ఫస్లీ చట్టం కింద, తర్వాతివి 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద నమోదై ఉంటాయి. మీది ఏదో రాసుకోండి. కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్‌కు ఇచ్చారా చూడండి. ఇవ్వకపోతే ముందు ఆ బాకీ తీర్చండి. పదేళ్ల కిందటి కార్యవర్గం రికార్డుల్లో ఉండి, అందులో సగంమంది కాలం చేసి ఉంటే, ఇప్పుడు సంతకం పెట్టేవారి అధికారమే ప్రశ్నార్థకమవుతుంది.

మెమోరాండంలో "ప్రధానంగా క్రైస్తవ మైనారిటీ సమాజ ప్రయోజనం కోసం, ఇతరులకు కూడా ప్రవేశం కల్పిస్తూ" అనే అర్థం వచ్చే మాట ఉండాలి. లేకపోతే బైలాస్ చెప్పిన పద్ధతిలో సవరించి రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి.

జాగ్రత్త: సవరించిన కాపీ ఒక్కటే పెట్టకండి. మొదటి మెమోరాండం కూడా పెట్టి, సవరణ ఉన్న ఉద్దేశాన్ని స్పష్టం చేసిందే తప్ప కొత్తది పుట్టించలేదని ఒక పేరాలో వివరించండి. దరఖాస్తుకు ముందు వారం చేసిన సవరణ ఒక్కటే ఆధారమైతే అధికారి అనుమానించడం సహజం.

ఇక పేర్లు. గుర్తింపు ఉత్తర్వులో "ఆర్.సి.ఎం. యు.పి. స్కూల్", బోర్డు మీద "సెయింట్ ఆన్స్ హైస్కూల్", యూడైస్‌లో ఇంకో స్పెల్లింగు: ఇది చాలాచోట్ల ఉంది. పేరు ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మారిందో చూపే పట్టిక పెట్టండి. జిల్లా పేరూ అంతే. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. దస్తావేజులో గుంటూరు జిల్లా, యూడైస్‌లో పల్నాడు జిల్లా అని ఉంటే రెండూ ఒకే ఊరని అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయండి. రాష్ట్ర విభజన తర్వాత సొసైటీ హైదరాబాద్‌లో, స్కూలు ఆంధ్రలో ఉన్నవారు మైనారిటీ హోదాను స్కూలున్న రాష్ట్రం లెక్కన చూస్తారని గుర్తుంచుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ క్రైస్తవులు మైనారిటీయే.

4. పిల్లల లెక్క, సిబ్బంది లెక్క: ఇక్కడ రిజిస్టర్ దిద్దొద్దు

అడ్మిషన్ రిజిస్టర్‌లో ఏ మతం రాసి ఉందో దాని ప్రకారమే లెక్క తీయండి. మన రాష్ట్రాల్లో ఇది చాలా సున్నితమైన చోటు. ఎస్సీల నుంచి క్రైస్తవం తీసుకున్నవారు రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు. అయితే ఆదివారం పూజకు వచ్చే కుటుంబాల్లో చాలామంది పిల్లలు రికార్డుల్లో హిందూ ఎస్సీగా ఉంటారు. "క్రైస్తవ పిల్లల సంఖ్య పెరుగుతుంది" అని రిజిస్టర్‌లో దిద్దడం, తల్లిదండ్రుల మీద ఒత్తిడి తేవడం చేయకండి. ఆ ఒక్క గీతతో పిల్లవాడి స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం, ఇంటి మొత్తం కులపత్రం ఇరుకున పడతాయి. స్కూలు సర్టిఫికెట్ కోసం పేదవాడి బిడ్డను పణంగా పెట్టడం తప్పు. పైగా దిద్దిన రిజిస్టర్ బయటపడితే స్కూలు మాటకు విలువ పోతుంది.

చేయాల్సింది వేరు. అడ్మిషన్ నోటీసులో "క్రైస్తవ మైనారిటీ పిల్లలకు మొదటి ప్రాధాన్యం" అని ప్రతి ఏటా రాయండి. ఆ నోటీసు కాపీ, చర్చిలో చదివిన ప్రకటన తేదీ, వచ్చిన దరఖాస్తులు, ఇచ్చిన సీట్లు ఒక పేజీలో పెట్టండి. అడిగిన ఏ క్రైస్తవ బిడ్డకూ సీటు లేదనలేదని ఆ పేజీ చూపితే సంఖ్య తక్కువైనా వాదన నిలుస్తుంది. రాష్ట్రం నిర్దిష్ట శాతం నిర్ణయించి ఉంటే, దాన్ని పాటించకపోవడం హోదా రద్దుకు కారణం కావచ్చని జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ చట్టంలోని 12సి సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఈ పేజీని ఏటా రాయాలి.

ఇంకో కాగితం: మత బోధనకు, ప్రార్థనకు సమ్మతి పత్రం. గుర్తింపు పొందిన స్కూలు ఏదైనా, సమ్మతి లేకుండా పిల్లలను మతబోధనలో కూర్చోబెట్టకూడదని 28(3) అధికరణం చెబుతుంది. మైనర్లు కాబట్టి తల్లిదండ్రుల సంతకం కావాలి. ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దని భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2024లో స్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉంది. అడ్మిషన్ ఫారంలోనే "సమ్మతమే / సమ్మతం కాదు" అని రెండు గడులు పెట్టండి. "కాదు" అన్న పిల్లలకు ఆ పీరియడ్‌లో ఏం చెబుతారో టైంటేబుల్‌లో చూపండి.

5. దరఖాస్తు ఎక్కడ, ఎలా

రెండు దారులున్నాయి. ఒకటి రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖ. జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారి తనిఖీకి వస్తారు, రిపోర్టు పైకి వెళ్తుంది. రెండోది ఢిల్లీలోని జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్. 2004 చట్టం 11(ఎఫ్) సెక్షన్ కింద హోదా తేల్చే అధికారం దానికి ఉంది. సిస్టర్స్ ఆఫ్ సెయింట్ జోసెఫ్ ఆఫ్ క్లూనీ కేసులో 2018లో సుప్రీంకోర్టు, నేరుగా కమిషన్‌కు వెళ్లొచ్చని స్పష్టం చేసింది. మన మఠకన్యలు తెచ్చుకున్న తీర్పు అది.

ఏ దారి మంచిది? నడుస్తున్న ఎయిడెడ్ స్కూలుకు రోజూ పనిపడేది రాష్ట్ర ఆఫీసులతోనే కాబట్టి మొదట రాష్ట్రం దగ్గర వేయడం మేలు. అక్కడ తిరస్కరిస్తే ఉత్తర్వు అందిన 30 రోజుల్లోపు 12బి సెక్షన్ కింద కమిషన్‌కు అప్పీలు చేయాలి. ఆ 30 రోజులను కవరు అందిన తేదీ నుంచి లెక్కపెడతారు కాబట్టి కవరు పారేయకండి. సీబీఎస్‌ఈ స్కూళ్లకు, పాత సాక్ష్యాలు బలంగా ఉన్నవారికి నేరుగా కమిషన్ దారి బాగుంటుంది. సభ్యుల పదవులు ఖాళీ అయినప్పుడు అక్కడ విచారణలు ఆగుతాయి, ఆ ఓపిక ఉండాలి. కొత్తగా స్కూలు పెట్టేవారిది వేరే దారి. 10వ సెక్షన్ కింద రాష్ట్రంలోని అధీకృత అధికారిని నిరభ్యంతర పత్రం అడగాలి. 90 రోజుల్లో జవాబు రాకపోతే ఇచ్చినట్టే లెక్క.

దరఖాస్తు కూర్పు:

1. ముందు పేజీ: ఏజెన్సీ, స్కూలు పేరు, ఊరు, మండలం, జిల్లా, 11 అంకెల యూడైస్ కోడ్.
2. స్థాపన కథ రెండు పేజీలు మించకుండా. ప్రతి వాక్యం చివర జతపత్రం నంబరు.
3. అధీకృత వ్యక్తి అఫిడవిట్, నోటరీతో.
4. సంతకం పెట్టేందుకు అధికారమిచ్చిన తీర్మానం.
5. జతపత్రాలు, పేజీ నంబర్లతో, విషయసూచికతో.

నంబర్లు లేని రెండు వందల పేజీల కట్ట చూసి ఏ గుమస్తా అయినా "లోపాలున్నాయి" అని వెనక్కి పంపుతాడు. చేతికిచ్చినా, పోస్టులో పంపినా రసీదు తీసుకోండి. తపాల్ సెక్షన్ ముద్ర, తేదీ ఉన్న కాపీయే మీ ఆయుధం.

6. యూడైస్ ప్లస్‌లో ఒక గడి

స్కూలు ప్రొఫైల్‌లో "మైనారిటీ యాజమాన్యమా?" అని అడిగే ప్రశ్న ఉంటుంది. అక్కడ "కాదు" అని ఉంటే, సర్టిఫికెట్ బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా కంప్యూటర్ మిమ్మల్ని మామూలు ప్రైవేటు స్కూలుగానే చూస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పాతిక శాతం సీట్ల కేటాయింపు ఆన్‌లైన్‌లో జరుగుతుంది కాబట్టి, మీ స్కూలు పేరు ఆ జాబితాలోకి వెళ్లి, ఎవరో తల్లిదండ్రులు ఫోన్‌లో మెసేజ్ చూపించి గేటు దగ్గర నిలబడేవరకు మీకు తెలియదు. అప్పుడు వారిని కసురుకోకండి, వారి తప్పేం లేదు. అలాట్‌మెంట్ లెటర్ నకలు తీసుకుని, అదే రోజు ఎంఈఓకు, డీఈఓకు రాతపూర్వకంగా తెలిపి, ఆ బిడ్డకు వేరే స్కూల్లో సీటు మార్చమని అడగండి. సీటు ఖాళీ ఉండి మీరే చేర్చుకోదలిస్తే, అది మీ సొంత నిర్ణయమని, విద్యాహక్కు చట్టం కింద కాదని ఉత్తరంలో రాయండి.

మార్పు కోసం ఎంఈఓ ఆఫీసులో యూడైస్ పనిచూసే ఎంఐఎస్ కోఆర్డినేటర్‌ను కలవండి. కొన్ని గడులు స్కూలు లాగిన్ నుంచి మారవు, పై స్థాయిలోనే తెరుస్తారు. మైనారిటీ రకంలో క్రైస్తవ అని, యాజమాన్యం రకంలో ఎయిడెడ్/అన్‌ఎయిడెడ్ సరిగ్గా ఉందో చూసి, మార్చాక రిపోర్టు కార్డు మళ్లీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

7. టీచర్ల టెట్ లెక్క

విస్తృత ధర్మాసనం ఏం చెబుతుందో చూసి అప్పుడు మొదలుపెడదామనుకోకండి. మైనారిటీ కాని స్కూళ్ల టీచర్లకు ఇచ్చిన గడువు రెండేళ్లు, అంటే 2027 సెప్టెంబర్ 1. రేపు తీర్పు మనకు వ్యతిరేకంగా వస్తే కొత్త గడువు ఇస్తారన్న హామీ లేదు. అనుకూలంగా వస్తే పాసైన టెట్ వల్ల నష్టం లేదు, అది జీవితకాలం చెల్లుతుంది. సీబీఎస్‌ఈ స్కూళ్లకు అఫిలియేషన్ నిబంధనలు ఎటూ ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) అర్హతలు అడుగుతాయి.

ఒక పట్టిక గీయండి: పేరు, చేరిన తేదీ, బోధించే తరగతులు, రిటైర్మెంట్ తేదీ, టెట్ ఉందా, ఏ పేపరు.

ప్రతివారినీ తీర్పు తేదీతో పోల్చండి. 2029 జూన్‌లో రిటైరయ్యే సెకండరీ గ్రేడ్ టీచరుకు 2025 సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లలోపే సర్వీసు ఉంది. మామూలు స్కూల్లో అయితే టెట్ లేకుండా రిటైర్మెంట్ వరకు కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం రాదు. 2034లో రిటైరయ్యే స్కూల్ అసిస్టెంట్‌కు తప్పదు. 9, 10 తరగతులకే చెప్పేవారు ఈ లెక్కలోకి రారు. కానీ మన హైస్కూళ్లలో స్కూల్ అసిస్టెంట్లు ఆరు నుంచి పది వరకు చెబుతారు కాబట్టి "హైస్కూల్ టీచర్ని, నాకు వద్దు" అనే మాట చాలామందికి పనిచేయదు. టైంటేబుల్ చూసి రాయండి.

2010 ఆగస్టు 23 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌కు ముందు చేరినవారు మినహాయింపు ఉందనుకుంటారు. 2025 తీర్పు ఆ ధీమాను తీసేసింది. వారినీ పట్టికలో చేర్చండి.

పరీక్ష ఇలా ఉంటుంది. 150 మార్కులు, రెండున్నర గంటలు, నెగెటివ్ మార్కులు లేవు. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 రావాలి. బీసీ-సీ సర్టిఫికెట్ ఉన్న క్రైస్తవ టీచర్లకు 75 చాలు. దరఖాస్తులో కులం గడి సరిగ్గా నింపకపోతే 90 కిందికి వెళ్తారు. ఒకటి నుంచి ఐదు తరగతులకు పేపర్ 1, ఆరు నుంచి ఎనిమిదికి పేపర్ 2. ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ టీచర్లవి 1-ఏ, 2-ఏ. 1-బి, 2-బి ప్రత్యేక విద్య టీచర్లవి, పొరపాటున అవి ఎంచుకోవద్దు.

అనుభవం ఉన్నవారు తడబడేది సొంత సబ్జెక్టులో కాదు. పేపర్ 2లో మ్యాథ్స్, సైన్స్ కలిపి 60 మార్కులు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన టీచరు గణితం ముట్టుకుని ముప్పై ఏళ్లయి ఉంటుంది. తెలంగాణలో తెలుగు, హిందీ పండిట్లు కూడా మ్యాథ్స్-సైన్స్‌నో, సోషల్‌నో ఎంచుకోవాలి. అందుకే శిశు వికాసం 30, రెండు భాషలు 60, ఈ 90 మార్కులలోనే ఎక్కువ రాబట్టుకునేలా చదవమనండి. స్కూల్లోనే వారానికి రెండు సాయంత్రాలు గంట చొప్పున పాత ప్రశ్నపత్రాలు చేయించండి. గణితం టీచరు జీవశాస్త్రం టీచరుకు, ఆమె ఆయనకు చెప్పుకుంటే బయటి కోచింగ్ ఖర్చు చాలావరకు తప్పుతుంది. యాభై దాటినవారిని మొదటి వారం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి, ఆన్‌లైన్ పరీక్షలో మౌస్ పట్టుకోవడమే కొందరికి భయం.

సిస్టర్ల విషయంలో ఒక హెచ్చరిక. మఠంలో పెట్టుకున్న పేరు ఒకటి, ఎస్సెస్సీలో పేరు ఇంకొకటి ఉంటుంది. టెట్ దరఖాస్తు ఎస్సెస్సీ పేరుతోనే చేయాలి. ఆధార్‌లో మఠం పేరుంటే పరీక్షకు చాలా ముందే సరిచేయించండి. హాల్‌టికెట్ వచ్చాక చేతిలో రోజులు మిగలవు.

కొత్త నియామకాలు మాత్రం ఇప్పటినుంచి టెట్ ఉన్నవారితోనే చేయండి. ఎవరిని ఎంచుకోవాలన్నది మీ హక్కు. అర్హత విషయంలో మాత్రం సందు ఇవ్వకండి.

8. నోటీసు వస్తే రాయాల్సిన జవాబు

నోటీసు చెత్తబుట్టలో వేయకండి, కంగారుపడి "పాటిస్తాం" అని కూడా రాసివ్వకండి. తర్వాత ఆ ఒక్క మాటనే మీకు వ్యతిరేకంగా చూపుతారు. ఇలా రాయవచ్చు:

"మా పాఠశాల రాజ్యాంగం 30(1) అధికరణం కింద క్రైస్తవ మైనారిటీ సంస్థ. విద్యా ఏజెన్సీ: ……. స్థాపన సంవత్సరం: ……. మైనారిటీ ధ్రువపత్రం నంబరు, తేదీ: ……. (లేదా) దరఖాస్తు చేసిన తేదీ: ……, రసీదు జతపరిచాం. 6-5-2014 నాటి ప్రమతి తీర్పు ప్రకారం విద్యాహక్కు చట్టం మైనారిటీ పాఠశాలలకు వర్తించదు. 1-9-2025 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. ఆ నిర్ణయానికి లోబడి, మా హక్కులకు భంగం లేకుండా, టీచర్ల అర్హతల వివరాలు జతపరుస్తున్నాం."

"మా హక్కులకు భంగం లేకుండా" అన్న మాట వదలకండి. ఉత్తరం నకలు మేత్రాసన విద్యాశాఖకు పంపండి. ఒకే మేత్రాసనంలోని స్కూళ్లు పది రకాలుగా జవాబిస్తే ఆఫీసులో అన్నింటి మాటా తేలికవుతుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక చూడాల్సినవి

అందుకున్న రోజే చదవండి. స్కూలు పేరు గుర్తింపు ఉత్తర్వులోలాగే ఉందా? ఊరు, మండలం, ప్రస్తుత జిల్లా సరిగ్గా ఉన్నాయా? తరగతులు "1 నుంచి 10" అని ఉందా, పాత "1 నుంచి 7" దగ్గరే ఆగిందా? కాలపరిమితి ఏమైనా రాశారా? రాసి ఉంటే గడువుకు ఆర్నెల్ల ముందు తేదీని ఆఫీసు క్యాలెండర్‌లో ఎర్రసిరాతో గుర్తుపెట్టండి. తప్పు కనిపిస్తే ఆ వారంలోనే సవరణకు రాయండి.

తర్వాత నకళ్లు డీఈఓకు, ఎంఈఓకు, సీబీఎస్‌ఈ అయితే బోర్డు ప్రాంతీయ కార్యాలయానికి ఇచ్చి రసీదులు తీసుకోండి. పరీక్షగా ఒక పని చేయండి: ఫైలును ఈ విషయంతో సంబంధం లేని ఒక టీచరు చేతికిచ్చి, "ఈ స్కూలు ఎవరు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో పెట్టారో పది నిమిషాల్లో చెప్పండి" అని అడగండి. చెప్పలేకపోతే విషయసూచిక మళ్లీ రాయాలి. ప్రతి జూన్‌లో కార్యవర్గం జాబితా, అడ్మిషన్ పేజీ, టెట్ పట్టిక కొత్తవి చేర్చండి. బదిలీ అయ్యే రోజు తాళాలతోపాటు ఈ ఫైలునూ సంతకం పెట్టించుకుని అప్పగించండి.